చీకటి నుంచి వెలుగుకి: డిశ్చార్జి చూపించడానికి ఏ సామాను కొనాలి

గుణుపురంలో సైన్సు చెప్పే తమ్ముడొకడు ఆమధ్య ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఈసారి ల్యాబుకి కాస్త డబ్బిచ్చారు. డిశ్చార్జి ట్యూబు తెద్దామనుకుంటున్నాను. పంపుతో సహా తెమ్మంటారా, మూసేసిన గొట్టాల సెట్టు చాలంటారా? ప్లాస్మా బంతి బాగుంటుందని ఇంకొకాయన అంటున్నాడు" అని అడిగాడు. డిశ్చార్జి అంటే గ్యాసు గుండా కరెంటు పోవడం, డిశ్చార్జి ట్యూబంటే దాన్ని చూపించే గాజు గొట్టం. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, ఆలోచించి రాస్తానన్నాను. ఇక్కడ పర్లాకిమిడిలో, ఆ పక్క పాతపట్నంలో, పైన రాయగడ దాకా ఇలాంటి బళ్లు చాలా ఉన్నాయి. అందరికీ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో డబ్బు తక్కువున్నా ఎక్కువున్నా, మొదట కొనాల్సింది అరడజను నియాన్ బల్బులు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పన్నెండు. గొట్టాలు, పంపు ఆ తర్వాత. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే గొట్టంలో అసలు ఏం జరుగుతుందో ఒకసారి చూసి రావాలి.

వెలగకముందు ఏం జరుగుతుంది

అల్పపీడనం అనగానే మా పిల్లలకి తుపాను గుర్తొస్తుంది. అది వాళ్ల తప్పు కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ గురించీ, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాని అతలాకుతలం చేసిన తిత్లీ గురించీ ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలకి ఇంకో చిక్కుంది. పీడనాన్ని ఒడియాలో 'చాప' అంటారు. ఇంట్లో చాపంటే పరుచుకుని పడుకునేది. అందుకని నేను మాటలు పక్కనపెట్టి అంకెలతో మొదలుపెడతాను. మామూలు గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. ఫైలిన్ మంచి ఉధృతిలో ఉన్నప్పుడు దాని నడిమధ్యన 940 హెక్టోపాస్కల్స్ ఉందని వాతావరణ శాఖ అంచనా. అది 705 మిల్లీమీటర్లకి సమానం. అంటే అంత పెద్ద తుపాను కూడా తగ్గించింది 55 మిల్లీమీటర్లే. మన గొట్టంలో మిగలాల్సిందేమో ఒక్క మిల్లీమీటరు, ఒక్కోసారి అందులో పదో వంతు. ఈ లెక్క బోర్డు మీద రాశాక "అయితే గొట్టంలో గాలి లేనట్టే కదా సార్" అని ఒక గుంటడు అన్నాడు. లేనట్టే అనిపిస్తుంది, కానీ ఆ మిగిలిన కాస్త గాలే మొత్తం పని చేస్తుంది.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్రకి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ జనంలో పరుగెత్తబోతే రెండడుగులకే ఎవరికో తగులుతాం, వేగం అందుకోలేం. యాత్ర అయిపోయాక ఏ తెల్లవారుజామునో అదే వీధిలో ఎంత జోరుగానైనా పరుగెత్తొచ్చు, కానీ తగలడానికి మనిషే ఉండడు. ఎలక్ట్రాను పరిస్థితీ ఇంతే. మామూలు పీడనంలో ఒక గాలి అణువు ఇంకోదానికి తగలకుండా సగటున పోయే దూరం మిల్లీమీటరులో సుమారు పదిహేను వేలో వంతు. పీడనం ఒక మిల్లీమీటరుకి దిగితే ఆ దూరం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అవుతుంది. ఎలక్ట్రాను చిన్నది కాబట్టి ఇంకొన్ని రెట్లు పోతుంది. అలా పోయే దారిలోనే, ఎదురయ్యే అణువు నుంచి మరో ఎలక్ట్రానును ఊడగొట్టగలిగేంత శక్తి దానికి అందాలి. ఈ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. నియాన్ అయితే 21.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆర్గాన్‌కి 15.8 చాలు.

కాబట్టి గాలి మరీ చిక్కగా ఉన్నా పని జరగదు, మరీ పలచబడినా జరగదు. ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో దీన్ని కొలిచి చూపించాడు. పీడనాన్ని ధ్రువాల (కరెంటు ఇచ్చే రెండు లోహపు కొసల) మధ్య దూరంతో గుణిస్తే వచ్చే అంకెని బట్టే డిశ్చార్జి మొదలయ్యే వోల్టేజి ఉంటుంది. పీడనం మిల్లీమీటర్లలో, దూరం సెంటీమీటర్లలో తీసుకుంటే గాలికి ఆ అంకె 0.57 దగ్గర అన్నిటికన్నా తక్కువ వోల్టేజి సరిపోతుంది. అది సుమారు 330 వోల్టులు. మామూలుగా అంతకన్నా తక్కువతో గాలిలో డిశ్చార్జి మొదలవ్వదు. అదే మామూలు పీడనంలోనైతే సెంటీమీటరుకి సుమారు 30 వేల వోల్టులు కావాలి. ముప్పై సెంటీమీటర్ల గొట్టానికి లెక్క లక్షల్లోకి పోతుంది. పీడనం ఒక మిల్లీమీటరుకి దించితే అదే గొట్టానికి రెండు మూడు వేలు చాలు.

ఇక అసలు సంగతి. ఒక ఎలక్ట్రాను ఇంకోదాన్ని ఊడగొడితే రెండవుతాయి. ఆ రెండూ పరుగెత్తి నాలుగు, నాలుగు ఎనిమిది, ఇలా వరదలా ధనధ్రువం వైపు పోతాయి. 1900 ప్రాంతంలో జాన్ టౌన్‌సెండ్ ఈ వరదని లెక్కకట్టాడు. అయితే ధనధ్రువం చేరగానే ఆ వరద అయిపోతుంది. మళ్లీ మొదలవ్వాలంటే ఇంకో ఎలక్ట్రాను ఎక్కడినుంచో రావాలి. కిటికీలోంచి వెలుతురు లోహం మీద పడి ఊడదీసినది కావచ్చు, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం వల్ల కావచ్చు, నేలలోని రేడియోధార్మికత వల్లా కావచ్చు. బయటి సాయం ఆగితే కరెంటూ ఆగుతుంది. ఇదే చీకటి డిశ్చార్జి. కరెంటు మైక్రో ఆంపియర్ కూడా ఉండదు. అణువులు అప్పుడు కూడా కాస్త వెలుగునిస్తూనే ఉంటాయి, మన కంటికి ఆననంత తక్కువ, అంతే.

వెలుగు దశకి రావాలంటే వంశం నిలబడాలి. ఎలక్ట్రాను ఊడిన అణువు, అదే అయాన్, ధనావేశంతో వెనక్కి, రుణధ్రువం వైపు పోయి, దాన్ని గుద్ది కొత్త ఎలక్ట్రాన్లని రాలుస్తుంది. వంద అయాన్లు గుద్దితే ఒక్కటి రాలుతుందనుకుందాం. అలాంటప్పుడు ఒక ఎలక్ట్రాను తన దారిలో వంద అయాన్లని పుట్టించగలిగితే తన చోట ఒక వారసుణ్ణి నిలబెట్టినట్టే. ఆరుసార్లు రెట్టింపైతే 64. వంశం తరానికి తరం తరిగిపోతుంది. ఏడుసార్లు రెట్టింపైతే 128. ఇక తరానికి తరం పెరుగుతుంది, బయటినుంచి సాయం అక్కర్లేదు. చీకటికీ వెలుగుకీ మధ్య గీత ఈ ఆరుకీ ఏడుకీ మధ్యనే ఉంది. గీత దాటాక నెమ్మదిగా కదిలే అయాన్లు రుణధ్రువం ముందు గుమిగూడతాయి, వోల్టేజిలో చాలా భాగం ఆ కొద్ది దూరంలోనే పడుతుంది, ఎలక్ట్రాన్లకి అక్కడే కావలసిన తోపు దొరుకుతుంది. దాంతో మొదలెట్టడానికి కావలసినంత వోల్టేజి నిలబెట్టడానికి అవసరముండదు.

సామాను ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే: ఆ గీత దగ్గరికి మెల్లగా వెళ్లి, దాని మీద నిలబడి, అటూ ఇటూ అడుగు వేసి చూడనిస్తుందా లేదా? వెలుగు మాత్రం అన్నీ ఇస్తాయి.

నియాన్ బల్బు, బ్యాటరీలు

కరెంటు టెస్టర్లో ఉండే చిన్న గాజు బల్బే ఇది. పాత స్విచ్‌బోర్డు ఇండికేటర్లలోనూ ఉంటుంది. రేడియో సామాన్లమ్మే కొట్లో కొన్ని రూపాయలకి దొరుకుతుంది. కొనేటప్పుడు గాజులోంచి చూడండి, రెండు సన్నటి లోహపు కడ్డీలు పక్కపక్కన, మధ్యలో చిన్న సందుతో కనబడాలి. ఇప్పుడొచ్చే టెస్టర్లు, ఇండికేటర్లు కొన్నిటిలో ఎల్ఈడీ ఉంటోంది, అది పనికిరాదు. ఆకుపచ్చ వెలుగిచ్చే బల్బులు కూడా వద్దు. వాటికి లోపల పూత ఉంటుంది, కడ్డీల మీద ఏం జరుగుతోందో కనబడదు. లోపలుండేది తక్కువ పీడనంలో నియాన్, దానికి చిటికెడు ఆర్గాన్. ఆ చిటికెడే వెలిగే వోల్టేజిని బాగా దించుతుంది. ఎందుకంటే ఉత్తేజితమైన నియాన్ అణువు దగ్గర దాచుకున్న 16.6 ఎలక్ట్రాన్ వోల్టులుంటాయి, ఆర్గాన్‌ని అయాన్ చేయడానికి అవి సరిపోతాయి.

తొమ్మిది వోల్టుల బ్యాటరీల్లో ఒక సౌకర్యముంది. ఒకదాని మూతి ఇంకోదాని మూతికి బొత్తాం పెట్టినట్టు పట్టేస్తుంది. పన్నెండు కలిపితే 108 వోల్టులు, కొత్తవైతే ఇంకాస్త ఎక్కువ. ఇళ్లకొచ్చే కరెంటుతో ఏ సంబంధమూ లేదు. అయినా 108 వోల్టులు షాకు కొట్టగలవు, అందుకని రెండు చివర్లా ఒక్కోటి 47 కిలో ఓముల రెసిస్టర్ వేసి, దాని మీద టేపు చుట్టి, ఆ తర్వాతే మిగతా తీగలు కలపండి. అప్పుడు అవతల తీగలు రెండూ కలిసిపోయినా ఒక మిల్లీ ఆంపియరుకి కాస్త పైన మాత్రమే పోతుంది. ఆ రెండు తీగల మధ్యన ఒక మెగా ఓము పొటెన్షియోమీటర్, అదే రేడియో మెకానిక్కులు వాల్యూమ్ కంట్రోల్ అంటారే, అది. దాని నడిమి కాలికీ ఒక చివరి కాలికీ బల్బు. బల్బుకి అడ్డంగా మల్టీమీటర్. మధ్యలో ఒక స్విచ్చు. సామానంతా ఇంతే.

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం ట్యూషన్ పిల్లలకి ఇది చూపించాను. వానకి కరెంటు పోయింది, తలుపులు వేస్తే గది చీకటి. చీపురు పుల్లలంత కూడా లేని ఆ కడ్డీల మీద అందరి కళ్లూ. పైన నిలబడి చూస్తున్న పాప మీటరు అంకెలు చదువుతోంది: యాభై, అరవై, అరవై ఎనిమిది. ఏమీ లేదు. "ఏటి సార్, బల్బు పోయినట్టుంది" అన్నారు. డెబ్భై నాలుగు దగ్గర టక్కున ఒక కడ్డీ కొస మీద నారింజ రంగు చుక్క పడింది. ఆ క్షణంలోనే మీటరు 58కి దిగిపోయింది. ఆ పాప ముందు అంకె తప్పు చదివాననుకుని నాలుక కరుచుకుంది. తప్పు చదవలేదు, గీత దాటడం అంటే అదే. బల్బు వెలిగాక దానికి అంత వోల్టేజి అక్కర్లేదు. వాల్యూమ్ కంట్రోల్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాం. ఇప్పుడు వెనక్కి తిప్పితే అదే గీత దగ్గర ఆరలేదు. ఇంకా వెనక్కి, చాలా వెనక్కి వచ్చాక ఆరింది. అక్కడ రెండో గీత. ఆ రెండు గీతల మధ్య బల్బు వెలుగుతుందా లేదా అన్నది మనం ఎటునుంచి వచ్చామన్న దాన్ని బట్టి ఉంటుందని పిల్లలే చెప్పారు. పంపు కట్టిన గొట్టంతో ఇది ఇంత స్పష్టంగా చూపించలేను.

ఆ చుక్కని వదలకండి. వాల్యూమ్ ఇంకా పెంచుతూ పోతే చుక్క పెద్దదై, కడ్డీ పొడుగునా పాకుతుంది. కరెంటు పెరుగుతుంది, వోల్టేజి మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. రుణధ్రువం మీద ఖాళీ జాగా ఉన్నంతసేపూ వెలుగు పక్కకి పరుచుకుంటుంది. జాగా అయిపోయాక ఇంకా నెడితేనే వోల్టేజి పెరగడం మొదలవుతుంది. తీగలు అటూ ఇటూ మార్చి కలిపితే వెలుగు రెండో కడ్డీకి మారుతుంది. వెలిగేది రుణధ్రువమేనని ఇంతకన్నా తేలిగ్గా చెప్పే దారి నాకు తెలియదు. ఇంట్లో కరెంటుకి వెలిగే ఇండికేటర్లో రెండు కడ్డీలూ వెలుగుతున్నట్టు కనిపించడానికి కారణం కరెంటు దిశ మారుతూ ఉండడమే. ఫోన్లో స్లోమోషన్ వీడియో తీస్తే రెండూ వంతులవారీగా వెలగడం కనబడుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కంట్రోల్‌ని మొదటి పెన్సిల్ గీతకి వెంట్రుకవాసి పైన ఉంచి, స్విచ్చు ఆపి, బల్బుని నల్లగుడ్డతో బాగా కప్పి, మళ్లీ స్విచ్చు వెయ్యండి. గుడ్డ అంచు కొద్దిగా ఎత్తి చీకట్లోనే తొంగి చూస్తే బల్బు వెలగదు, లేదా చాలాసేపటికి గానీ వెలగదు. ఇప్పుడు టార్చి వెయ్యండి. వెంటనే పట్టుకుంటుంది. వోల్టేజి మారలేదు, గ్యాసు మారలేదు. మొదటి ఎలక్ట్రాను దొరికింది, అంతే. టార్చి వెలుతురు లోహం నుంచి దాన్ని ఊడదీసింది. టార్చి ఆపేసినా బల్బు వెలుగుతూనే ఉంటుంది, వంశం నిలబడింది కాబట్టి. ఈ ఇబ్బంది తప్పించడానికే పూర్వం చీకటి పెట్టెల్లో వాడే బల్బుల్లో తయారీదారులు కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపేవారు.

చీకటి దశలో కరెంటు నిజంగా ఉందా అని అడిగే పిల్లలు ఉంటారు, ఉండాలి కూడా. చాలా డిజిటల్ మల్టీమీటర్లకి వోల్టుల రేంజిలో లోపలి నిరోధం 10 మెగా ఓములు. దాన్ని బల్బుకి వరసలో పెట్టి మిల్లీవోల్టులు చదివితే, ఒక్కో మిల్లీవోల్టు ఒక నానో ఆంపియరులో పదో వంతుతో సమానం. గీతకి కిందనే ఉండి, బల్బు మీద టార్చి వేస్తూ తీస్తూ అంకె ఎలా కదులుతుందో చూడమనండి. తీగల్ని చేత్తో పట్టుకోకూడదు, చెమట వల్ల పోయే కరెంటు దీన్ని మింగేస్తుంది. వానాకాలం తడికి కూడా లెక్క చెడుతుంది, అందుకే ఇది చలికాలంలో చేస్తాను.

దీనికున్న లోటు ఒకటే. పీడనం మార్చలేం. గొట్టం పొడుగునా వెలుగు చీకటి పొరలు పొరలుగా విడిపోవడం కూడా ఇందులో కనబడదు.

ట్యూబ్‌లైటు స్టార్టరు

మా చిన్నప్పుడు సాయంత్రమైతే వోల్టేజి పడిపోయేది. ట్యూబు చివర్లు ఎర్రబడుతూ, స్టార్టరు మినుకుమినుకుమంటూ, ట్యూబు మాత్రం పట్టుకోక అలా అరగంట గడిచేది. మా నాన్న బల్ల ఎక్కి స్టార్టరుని కాస్త తిప్పేవారు. ఆ స్టార్టరులో ఉన్నదీ గ్లో డిశ్చార్జే, అంటే మనం చెప్పుకున్న వెలుగు దశే. స్విచ్చు వేయగానే దాని చిన్న గాజు బల్బులో గ్యాసు వెలుగుతుంది. ఆ వేడికి లోపలున్న రెండు లోహాల పట్టీ వంగి, రెండో ధ్రువానికి తగిలి, వెలుగు ఆరిపోతుంది. అప్పుడు ట్యూబు చివర్ల ఫిలమెంట్ల గుండా కరెంటు పోయి అవి వేడెక్కుతాయి. పట్టీ చల్లారి విడిపోగానే చోక్ ఒక్క తోపు తోస్తుంది, ట్యూబు వెలుగుతుంది. నాలుగడుగుల ట్యూబు వెలిగాక దాని మీద 100 వోల్టుల చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది. అంత తక్కువకి స్టార్టరు వెలగకుండా తయారుచేస్తారు. వెలిగించే వోల్టేజికీ నిలబెట్టే వోల్టేజికీ ఉన్న తేడా మీద ఇల్లిల్లూ ఇన్నేళ్లు బతికిందన్నమాట.

కథ చెప్పడానికి ఇది బంగారంలాంటిది. చేయించడానికి మాత్రం వద్దు. మూత తీసిన స్టార్టరుకి ఇంటి కరెంటు పెట్టాలి, వేలు తగిలితే అంతే. మూత తీసి లోపలి గాజు బల్బు చేతికిచ్చి చూపించండి, కరెంటు ఇవ్వకండి. పగిలిన ట్యూబు ముక్కల్ని ల్యాబులో ఉంచుకోవద్దు, అందులో పాదరసం ఉంటుంది.

ప్లాస్మా బంతి

గ్యాసు నింపిన గాజు బంతి ఇది. చూడ్డానికి అందంగా ఉంటుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. అయితే లోపలి గ్యాసు దాదాపు వాతావరణ పీడనానికి దగ్గర్లో ఉంటుంది, కరెంటు సెకనుకి వేలసార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది. కనబడేవి తీగల్లాంటి పాయలు. చీకటి దశ లేదు, గీత లేదు, తిప్పడానికి మీట లేదు. వార్షికోత్సవానికి పెట్టుకోండి. ఈ పాఠానికి కొనొద్దు.

మూసేసిన ఆరు గొట్టాల సెట్టు

ఒకే రకం గొట్టాలు ఆరు, ఒక్కోదానిలో ఒక్కో పీడనం దగ్గర గాలి నింపి మూసేసి, ఒక పలక మీద వరసగా బిగించి ఉంటాయి. ఇండక్షన్ కాయిల్‌తో, అంటే కొద్ది వోల్టేజిని వేల వోల్టులకి పెంచే తీగచుట్టతో, ఒకదాని తర్వాత ఒకటి వెలిగించాలి. పంపు, గ్రీజు, రబ్బరు గొట్టాల గొడవ లేదు. పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది. పరీక్షల కోసం దశలు గుర్తుపెట్టుకోవాల్సిన ఇంటర్ పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది.

కొనేముందు మాత్రం వెలిగించి చూపించమనండి. మేం తెప్పించిన సెట్టులో మూడోదీ ఐదోదీ ఒకేలా వెలిగాయి, రెండిట్లోకీ ఎక్కడో గాలి చొరబడిపోయింది. అమ్మినాయన తిరిగి తీసుకోనన్నాడు. గాజుకీ లోహపు తీగకీ అతుకున్న చోట సన్నటి పగులుంటే బయటికి కనబడదు, వెలిగిస్తే గానీ తెలియదు. నాలుగు గొట్టాలతో ఆరు దశల పాఠం చెబుతున్నాను ఇప్పటికీ.

ఈ సెట్టులో మార్పు జరగడం కనబడదు, మారిపోయాక ఉన్న ఆరు బొమ్మలు కనబడతాయి. దీనిమీద నాకున్న ఫిర్యాదు ఇదే.

పంపు, గొట్టం, కాయిల్

ఖర్చూ శ్రమా ఎక్కువ. కానీ ఒకసారి చూసినవాడు మరిచిపోడు. బాన్ పట్నంలో గాజు పనివాడైన హైన్రిష్ గైస్లర్ 1857లో మంచి పంపుతో ఇలాంటి గొట్టాలు చేసినప్పటినుంచీ ఇదే దారి. దీనికి ప్రయోగశాల పంపే అక్కర్లేదు. ఏసీ బిగించేవాళ్లు గ్యాసు నింపేముందు పైపుల్లో గాలి లాగడానికి వాడే రోటరీ పంపు చాలు. కొత్తది కొనాలంటే వేలల్లో అవుతుంది, తెలిసిన మెకానిక్ ఉంటే ఒక పూటకి అడిగి తెచ్చుకోవచ్చు. నేను అలాగే చేశాను. పంపుకి రాసి ఉన్నదాని ప్రకారం మిల్లీమీటరులో వందో వంతుల దాకా పోవాలి. మన రబ్బరు గొట్టాలు, బిరడాలు కారుతూ ఉంటే అర మిల్లీమీటరు దగ్గర ఆగినా అదృష్టమే. వెలుగు చూడ్డానికి అది చాలు.

ముప్పై సెంటీమీటర్ల గొట్టం, రెండు చివర్లా ధ్రువాలు, కాయిల్ వేసి ఉంది, పంపు మొదలైంది. ముందు ఏమీ ఉండదు. పీడనం పది మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక చిటపటమంటూ ఊదారంగు దారం ఒకటి పాములా మెలికలు తిరుగుతుంది. కొన్ని మిల్లీమీటర్లకి దిగితే దారం లావై గొట్టమంతా గులాబి ఊదా వెలుగుతో నిండుతుంది. చప్పుడు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడు గదిలో పిల్లలూ నిశ్శబ్దమైపోతారు. ఒక మిల్లీమీటరు దగ్గర రుణధ్రువం మీద నీలిరంగు వెలుగు విడిగా నిలబడుతుంది. దానికీ పొడవాటి గులాబి స్తంభానికీ మధ్య నల్లటి ఖాళీ. 1838లో ఫారడే గమనించిన చీకటి అదే, దానికి ఆయన పేరే పెట్టారు. ఇంకా దింపగలిగితే నీలి వెలుగుకీ రుణధ్రువానికీ మధ్య కూడా ఒక చీకటి పెరుగుతుంది. దాన్ని క్రూక్స్ చీకటి అంటారు. గులాబి స్తంభం బిళ్లలు బిళ్లలుగా విడిపోతుంది. వందో వంతు మిల్లీమీటరు దగ్గర చీకటి గొట్టమంతా ఆక్రమించి, గాజు గోడ ఆకుపచ్చగా మెరుస్తుంది.

ఆ చివరి దశ దాకా పోవద్దని గట్టిగా చెబుతున్నాను. 1895లో రాంట్‌జెన్‌కి ఎక్స్‌రేలు దొరికింది ఇలాంటి గొట్టం నుంచే. బాగా ఖాళీ చేసిన గొట్టానికి పెద్ద కాయిల్ వోల్టేజి ఇస్తే మీ గొట్టం నుంచీ రాగలవు. ఏసీ పంపు అక్కడిదాకా పోలేకపోవడం ఒకరకంగా మనకి రక్షణ. మూసేసిన సెట్టులోనూ అన్నిటికన్నా తక్కువ పీడనమున్న ఆరో గొట్టాన్ని కొద్ది సెకన్లే, దూరం నుంచే చూపించండి. పంపు కట్టే గొట్టం మందపాటి గాజుది కావాలి. జాడీలూ పల్చటి సీసాలూ బయటి గాలి ఒత్తిడికి లోపలికి కుప్పకూలుతాయి. అందరి కళ్లకీ అద్దాలుండాలి. కాయిల్ నడుస్తుండగా తీగలు సర్దబోకండి.

ఇందులో పీడనం మన చేతిలో ఉంటుంది, వెలుగు పొరలు విడివిడిగా కనబడతాయి. లేనిది గీత మీద నిలబడే వీలు. కాయిల్ వోల్టేజి విడివిడి దెబ్బలుగా వస్తుంది, మెల్లగా పెంచడం కుదరదు. కొలిచేందుకు మన మీటర్లు పనికిరావు.

ఎవరికి ఏది

తొమ్మిది, పది తరగతులకి చెప్పేవాళ్లు నియాన్ బల్బులు, బ్యాటరీలు కొనుక్కోండి, అంతటితో ఆగండి. మిగిలిన డబ్బుతో రెండో మల్టీమీటర్ తీసుకుంటే పిల్లలు వంతులకి కొట్టుకోరు. ఇంటర్, ప్లస్ టూ చెప్పేవాళ్లకి బల్బుల తర్వాత ఆరు గొట్టాల సెట్టు, అదీ అమ్మేవాడి ఎదురుగా ఆరూ వెలిగించి చూశాకే. పంపు జోలికి వెళ్లాలంటే రెండు షరతులు: బడిలో గాజు, రబ్బరు పని ఓపిగ్గా చేసే మనిషి ఒకరుండాలి, అడిగితే పంపిచ్చే ఏసీ మెకానిక్ ఊళ్లో ఉండాలి. గుణుపురం తమ్ముడికి ఈ రెండూ ఉన్నాయి. అందుకని అతనికి చెప్పేది: ఈ ఏడాది బల్బులతో మొదలుపెట్టు, పాషెన్ పాఠం వచ్చే నెలకి గొట్టం, కాయిల్ తెప్పించు, పంపు మాత్రం కొనకు, అడిగి తెచ్చుకో. సెట్టు అసలు వద్దు.

బ్యాటరీల గురించి ఇంకొక్క మాట. పాఠం అయ్యాక పన్నెండింటినీ విడదీసి, ఒక్కోదాని మూతికి ముక్క టేపు అంటించి పెట్టెలో పెట్టండి. కలిపి ఉన్నవి సొరుగులో పడేస్తే, ఎప్పుడో ఎవరో స్కేలు కోసం చెయ్యి పెడతారు. అక్కడ రెసిస్టర్లు ఉండవు.